సీసా కొనకుండానే సలాడ్‌కు రుచి



మన పాత విద్యార్థులు నలుగురు ఒకచోట కలిస్తే ఏం మాట్లాడుకుంటారో మీకు తెలుసా? మొదట ఎవరు ఎక్కడ ఉద్యోగం చేస్తున్నారో, తర్వాత పిల్లల చదువులు. మూడోది తప్పకుండా షుగర్, బీపీ! నలభై ఏళ్లు దాటీ దాటకముందే మనలో చాలామంది డాక్టర్ల చీటీలు జేబులో పెట్టుకొని తిరుగుతున్నాం. ఆ చీటీలో మాత్రల పేర్ల కింద ఒక మాట ఉంటుంది. "అన్నం తగ్గించి పచ్చి కూరగాయలు తినండి." ఇంటికొచ్చి కీరకాయ, క్యారెట్, ముల్లంగి కోసి పళ్లెంలో పెట్టుకుంటాం. మొదటి రోజు పట్టుదలతో తింటాం. రెండో రోజు ముఖం చిట్లించి తింటాం. మూడో రోజు "ఏమప్పా, ఆకులూ కాయలూ నమిలేదానికి మనమేమన్నా మేకలమా?" అని పళ్లెం పక్కకు తోసి, వేడి వేడి అన్నంలో ఊరగాయ నూనె కలుపుకుంటాం. చీటీలోని ఆ సలహా అంతటితో సరి.

ఇక్కడ తప్పు కూరగాయలది కాదు, నాలుకది అంతకన్నా కాదు. పచ్చి కూరగాయను ఏదో ఒకదానితో కలపాలి. ఆ కలిపేదాన్నే ఇంగ్లీషువాళ్లు డ్రెస్సింగ్ అంటారు. మన హాస్టల్లో డ్రెస్సింగ్ అంటే కబడ్డీ ఆడి మోకాలు చెక్కుకుపోయినప్పుడు ఆసుపత్రిలో కట్టే కట్టు ఒక్కటే! దీనికి తెలుగులో 'కలుపు' అని పేరు పెడదామంటే రైతులు నవ్వుతారు, అది పీకి పారేసేది కదా. కాబట్టి డ్రెస్సింగ్ అనే అందాం. సలాడ్ అన్న మాట మాత్రం లాటిన్‌లో ఉప్పును చెప్పే పదం నుంచి పుట్టింది. ఉప్పు వేసిన ఆకులు అని దాని మొదటి అర్థం. అంటే ఆ పేరు పెట్టినవాళ్లు కూడా ఆకును ఉత్తగా తినలేకపోయారన్నమాట.

పట్నంలో పెద్ద అంగళ్లకు పోతే ఈ డ్రెస్సింగులు సీసాల్లో దొరుకుతాయి. ఒక చిన్న సీసా ఖరీదుకు మన ఉరవకొండలో దాదాపు కిలో శెనక్కాయ విత్తనాలు వస్తాయి. ఖరీదు సంగతి అటుంచండి. అసలు ఆ సీసాలో ఏముంది? చాలావాటిలో సగానికి సగం నూనె. మయొనైజ్ అనే తెల్లటి ముద్ద ఉంది చూడండి, అది గుడ్డు సొనలో నూనె పోసి గిలక్కొట్టింది. పెద్ద చెంచా మయొనైజ్‌లో 90 నుంచి 100 క్యాలరీలు ఉంటాయి. నూనె అయితే పెద్ద చెంచాకు 120. బరువు తగ్గాలని కీరకాయ ముక్కలు తింటే, ఆ ముక్కలకు వచ్చేది 100 గ్రాములకు 13 క్యాలరీలే. వాటిమీద రెండు చెంచాల మయొనైజ్ వేసుకుంటే 200 వచ్చి కూర్చుంటాయి. గాడిద బరువు తగ్గించాలని గడ్డిమోపు దించి, ఉప్పు మూట ఎక్కించినట్టు! పైగా పచ్చి గుడ్డుతో చేసిన మయొనైజ్ సరిగా నిలవ చేయకపోతే ప్రాణం మీదికే వస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో పచ్చి గుడ్డు మయొనైజ్‌ను ఒక సంవత్సరం పాటు నిషేధించింది కూడా.

మరి 'లో ఫ్యాట్' అని రాసిన సీసాలు మంచివే కదా అని కొందరు మిత్రులు అడుగుతారు. నూనె తీసేస్తే రుచి పోతుంది. ఆ లోటు పూడ్చడానికి చాలాసార్లు చక్కెర, ఉప్పు వేస్తారు. షుగర్, బీపీ ఉన్నవాళ్లు ఆ రెండింటికీ భయపడే కదా సలాడ్ దగ్గరికి వచ్చింది! కొనక తప్పనివాళ్లు సీసా వెనక చిన్న అక్షరాల్లో ఉన్న పట్టికను చదవండి. ఒక్కో వడ్డనకు ఇంత అని రాసిన అంకె చూసి మోసపోవద్దు. ఆ వడ్డన అంటే ఒక చెంచానే కావచ్చు. 100 గ్రాములకు ఎంతో చూడండి. ఇంకొక మాట. ఆలివ్ నూనె ఆరోగ్యమని, రిఫైన్డ్ నూనె తేలిక అని ప్రకటనల్లో చెబుతారు. గుణాల్లో తేడాలు ఉండొచ్చు గానీ క్యాలరీల లెక్కలో అన్ని నూనెలూ ఒక్కటే. గ్రాముకు 9.

అలాగని నూనె బొట్టు కూడా తగలకూడదని అనుకోవద్దు. క్యారెట్‌లో ఉండే కెరోటిన్, మన ఒంట్లో విటమిన్ ఏగా మారేది, కాస్త కొవ్వు తోడుంటేనే బాగా ఒంటికి పడుతుంది. ఆ కొవ్వు సీసాలోంచే రానక్కరలేదు. నాలుగు శెనక్కాయ విత్తనాల్లోంచి వచ్చినా చాలు.

అమెరికాలో ఉన్న మన తెలుగు పిల్లలు 'రాంచ్' అని ఒకటి చెబుతారు. అక్కడ దేనికైనా అదే అద్దుకుంటారు. స్టీవ్ హెన్సన్ అనే ఆయన 1950లలో కాలిఫోర్నియాలో తన హిడెన్ వ్యాలీ రాంచ్‌లో అతిథులకు వడ్డించి దానికి పేరు తెచ్చాడు. ఇంతకీ అందులో ఏముంది? మజ్జిగ, తెల్లగడ్డ, ఎర్రగడ్డ, ఆకులు, దానికి తోడు మయొనైజ్. మయొనైజ్ తీసేస్తే మిగిలేది మన తిరగవాత మజ్జిగే! ఇది చదివి మనవాళ్లు అన్నీ ముందే కనిపెట్టారని చంకలు గుద్దుకోనక్కరలేదు. రుచికి కావలసిన సరుకు మన వంటింట్లోనే ఉందని తెలిస్తే చాలు.

వంటింట్లో సరుకు

నేను ఇక్కడ వాడే క్యాలరీల లెక్కలు ఎక్కువగా డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు 1971లో వెలువరించిన పట్టికల్లోవి. హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ ప్రచురణ అది. 2017లో అదే సంస్థ కొత్త పట్టికలు తెచ్చింది. అంకెలు కొంచెం అటూ ఇటూ మారాయి గానీ మన పనికి పెద్ద తేడా లేదు.

మొదట మజ్జిగ. 100 గ్రాముల మజ్జిగలో 15 క్యాలరీలు, పెరుగులో 60. ఇంత చవకైన, ఇంత తేలికైన డ్రెస్సింగ్ ప్రపంచంలో ఇంకొకటి ఉంటుందని నేననుకోను. కానీ చిక్కు ఒకటుంది. మజ్జిగ పోస్తే ముక్కలకు అంటుకోదు, జారి పళ్లెం అడుగున చేరుతుంది. నూనె గొప్పతనం అక్కడే. అది ముక్కను పట్టుకుంటుంది, నీళ్లు పట్టుకోలేవు. మరి మజ్జిగను చిక్కబరిచేది ఎట్లా? మన ఉగ్గాని మీద ఏం చల్లుతాం? పప్పుల పొడి! వేయించిన శనగపప్పును, అదే మనం పప్పులు అనేదాన్ని, మెత్తగా కొట్టి ఒక చిన్న చెంచా గట్టి మజ్జిగలో కలిపి ఐదు నిమిషాలు ఉంచండి. పొడి నీళ్లను పీల్చుకొని చిక్కబడుతుంది. ముక్కకు అంటుకుంటుంది, కమ్మగా కూడా ఉంటుంది. చిన్న చెంచా పొడికి 18 క్యాలరీలు అంతే. అందులో పచ్చిమిర్చి, అల్లం, కొత్తిమీర దంచి వేసి, వేయించిన జీలకర్ర నలిపి చల్లితే ఇంక సీసా ఎవరికి కావాలి! 100 గ్రాముల పెరుగుతో చేస్తే ఇద్దరికి సరిపోతుంది. మనిషికి 40 క్యాలరీలు. ఆవాలు, కరివేపాకు తిరగవాత పెట్టుకోవాలనిపిస్తే చిన్న చెంచా నూనెకు మరో 45 కలుపుకోండి.

రెండోది, నాకు అన్నింటికన్నా ఇష్టమైనది, కాల్చిన టమేటా. సీజనులో ధర పడిపోయి రైతులు టమేటాలు రోడ్డు పక్కన పారబోసే జిల్లా మనది. ఆ రోజుల్లో ఇంతకన్నా చవకైనది లేదు. రెండు టమేటాలు, రెండు పచ్చిమిరపకాయలు, నాలుగు తెల్లగడ్డ పాయలు నిప్పుల మీదనో, పెనం మీదనో నూనె లేకుండా పొట్టు నల్లబడేదాకా కాల్చాలి. పొట్టు తీసి, ఉప్పు వేసి, రోట్లో కచ్చాపచ్చాగా నూరాలి. మిక్సీలో వేస్తే నీళ్లలాగా అవుతుంది. రోలు లేనివాళ్లు చేత్తో పిసికినా సరే. కాల్చడంలో టమేటాలోని నీళ్లు కొంత ఆవిరై గుజ్జు చిక్కబడుతుంది, తీపి పైకి వస్తుంది, ఆ పొగ వాసన నూనె లేని లోటు తెలియనివ్వదు. టమేటాకు 100 గ్రాములకు 20 క్యాలరీలు. కడుపునిండా వేసుకున్నా భయం లేదు. సన్నగా తరిగిన క్యాబేజీకి, ముల్లంగికి ఇది బాగా సరిపోతుంది. ముల్లంగి ఘాటు నచ్చనివాళ్లు కూడా దీంతో తింటారు.

ఇక శెనక్కాయలు. మన ఎర్రనేలల్లో వాన పడితే పండేది, పడకపోతే ఎండేది ఇదే. సాలుకు 550 మిల్లీమీటర్లు మించని వానతో, కదిరి 6, కదిరి లేపాక్షి అని విత్తనాలు మార్చుకుంటూ, మన నాయనలు, తాతలు ఈ పంటను నమ్ముకున్నారు. రొట్టెలోకి, సంగటిలోకి నూరుకునే ఊరిబిండి మనందరికీ తెలిసిందే. వేయించిన విత్తనాలు, ఎండుమిర్చి, చింతపండు, ఎర్రగడ్డ, ఉప్పు. దాన్ని కొంచెం నీళ్లు పోసి పలచన చేసి, నిమ్మకాయ పిండితే అదే డ్రెస్సింగ్. ఎక్కడెక్కడి దేశాల హోటళ్లలోనో శెనక్కాయ సాసు అని పెద్ద పేరుతో అమ్మేది దీని చుట్టమే. ఇండోనేషియాలో ఉడికిన కూరగాయల మీద శెనక్కాయ గుజ్జు పోసి 'గాడో గాడో' అని తింటారు.

కానీ శెనక్కాయ దగ్గర చేయి జాగ్రత్త! 100 గ్రాములకు 567 క్యాలరీలు. మంచి ఆహారమే, మాంసకృత్తులు 25 గ్రాములు ఉన్నాయి, కానీ తేలికది కాదు. బరువు తగ్గాలనుకునేవాళ్లకు మనిషికి చిన్న చెంచా పొడి చాలు, 28 క్యాలరీలు. మెత్తటి పొడి కాకుండా బరకగా దంచితే తక్కువ వేసినా పళ్లకు తగిలి ఎక్కువ వేసినట్టు ఉంటుంది. ఇది వంటవాళ్ల చిట్కా. ఇంకో ముఖ్యమైన సంగతి. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు వాసన వచ్చేవి చవగ్గా వచ్చాయని కొనొద్దు. తేమ తగిలిన విత్తనాల్లో ఒక బూజు పెరిగి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వేయించినంత మాత్రాన పూర్తిగా పోదు. ఏరి పారేయడమే మందు.

చింతపండు పచ్చిపులుసు గురించి వేరే చెప్పాలా? గోలీ అంత బెల్లం, చిటికెడు నువ్వుల పొడి, కాల్చిన ఎండుమిర్చి. నలుగురికి చేస్తే మనిషికి 25 క్యాలరీలకు మించదు. షుగర్ ఉన్నవాళ్లు బెల్లం మానేయండి.

బళ్లారి వైపు సంబంధాలు ఉన్నవాళ్లకు కోసంబరి తెలిసే ఉంటుంది. శ్రీరామనవమికి మనం పెట్టే వడపప్పుకు అది అక్క లాంటిది. నానిన పెసరపప్పులో కీరకాయ, కాస్త కొబ్బరి, నిమ్మరసం, తిరగవాత. అందులో వేరే డ్రెస్సింగ్ ఉండదు. కీరలోంచి ఊరిన నీళ్లు, నిమ్మరసం కలిసి అదే డ్రెస్సింగ్ అయిపోతుంది. అక్కడివాళ్లు జొన్నరొట్టెతో పాటు పచ్చి ఎర్రగడ్డ, కీర, లేత మెంతాకు పక్కన పెట్టుకొని, శెనక్కాయ పొడో, అవిసె గింజల పొడో అద్దుకొని తింటారు. సలాడ్ అనే పేరు వినని ముసలివాళ్లు కూడా రోజూ తిన్న సలాడ్ అది. మన వైపు అన్నం పెరిగి రొట్టె తగ్గిన కొద్దీ ఆ పక్క పళ్లెం కూడా తగ్గిపోయిందని నా అనుమానం.

ఉప్పు సంగతి

ఏ డ్రెస్సింగ్ అయినా ఉప్పు చివర్లోనే వేయాలి. ముక్కలకు ముందే ఉప్పు కలిపితే లోపలి నీరంతా బయటికి లాగేస్తుంది. పది నిమిషాల్లో కీరకాయ వడలిపోయి, పళ్లెం చెరువవుతుంది. రుచి చప్పబడిందని మళ్లీ ఉప్పు వేస్తాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది. అంటే చిన్న చెంచాడు, అదీ రోజు మొత్తానికి. ఊరగాయ, అప్పడం, సాంబారు అన్నీ అందులోనే లెక్క. పులుపు తోడుంటే తక్కువ ఉప్పు కూడా నాలుకకు ఎక్కువగా తెలుస్తుంది. అందుకే నిమ్మకాయ, చింతపండు, మామిడికాయ మన బీపీ మిత్రులకు మంచి స్నేహితులు. నిమ్మకాయతో ఇంకో లాభం ఉంది. పెసలు, అలసందలు, ఆకుకూరల్లోని ఇనుము ఊరికే ఒంటికి పట్టదు. నిమ్మలోని విటమిన్ సి తోడైతే బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే ఆ పని చెడుతుంది. రక్తం తక్కువగా ఉన్న ఆడపిల్లలున్న ఇళ్లలో ఇది గుర్తుంచుకోండి.

తమ్ముళ్లకు వేరే లెక్క

ఇంతవరకు చెప్పింది ఎక్కువగా పెద్దవాళ్ల కోసం. ఇప్పుడు హాస్టల్లో ఉన్న తమ్ముళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి. తక్కువ క్యాలరీల తిండి మీది కాదు! సినిమా హీరోల సిక్స్ ప్యాక్ చూసి అన్నం మానేసి కీరకాయ ముక్కలతో సరిపెట్టుకుంటున్న పిల్లలను ఈ మధ్య చూస్తున్నాను. జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం 16 నుంచి 18 ఏళ్ల మగపిల్లవాడికి రోజుకు 3320 క్యాలరీలు కావాలి. 13 నుంచి 15 ఏళ్లవాడికి 2860. ఆఫీసులో కుర్చీలో కూర్చొనే మీ అన్నకు 2110 చాలు. మీరు ఎదుగుతున్నారు, మేము పక్కలకు పెరుగుతున్నాం. రెండూ ఒకటి కాదు. మనం చదివే రోజుల్లో సాంబారు మీద తేలే నూనె చుక్క ఎవరి పళ్లెంలో పడుతుందా అని గరిటె వైపు చూసినవాళ్లమే. ఆ ఆకలి తెలిసినవాళ్లెవరూ మిమ్మల్ని తిండి తగ్గించమని చెప్పరు.

అయితే కూరగాయలు మీకూ కావాలి. అదే సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో, రోజుకు 2000 క్యాలరీలు తినే మనిషి పళ్లెంలో 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు ఉండాలంది. మీరు తింటున్నది అందులో ఎంతో మీ పళ్లెం చూసుకుంటే తెలుస్తుంది. కాబట్టి అన్నం, పప్పు, గుడ్డు ఏదీ తగ్గించకుండా, వాటికి అదనంగా ఒక గుప్పెడు పచ్చి ముక్కలు చేర్చుకోవాలి. మీకైతే శెనక్కాయ పొడి చిన్న చెంచా కాదు, మూడు వేసుకోండి. అందులో 85 క్యాలరీలు, దాదాపు 4 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. అన్నకు మందు అయినది తమ్ముడికి బలం.

మెస్ కమిటీ పిల్లలు వార్డెన్ సార్‌ను అడగడానికి వీలుగా 50 మందికి లెక్క వేసి ఇస్తున్నాను. కీరకాయ, క్యారెట్ కలిపి రెండున్నర కిలోలు. వేయించి బరకగా దంచిన శెనక్కాయ విత్తనాలు ముప్పావు కిలో. నిమ్మకాయలు 12 నుంచి 15. ఉప్పు 50 గ్రాములు, మనిషికి గ్రాము. పచ్చిమిర్చి, కొత్తిమీర మీ ఇష్టం. వారానికి రెండు రోజులతో మొదలుపెట్టొచ్చు. క్యారెట్ ధర పెరిగితే ముల్లంగి, ముల్లంగి దొరకకపోతే క్యాబేజీ. మన ఉరవకొండ, విడపనకల్లు నల్లరేగళ్లలో పండే పప్పుశనగలు ఎప్పుడూ ఉండనే ఉన్నాయి. రాత్రి నానబెట్టి ఉడికించి కలిపితే కడుపు నిండుతుంది.

మొలకలు వేసేటట్లయితే ఒక జాగ్రత్త. తడి, వేడి రెండూ ఉన్నచోట గింజతో పాటు క్రిములూ పెరుగుతాయి. ఇంట్లో ఒకరిద్దరికి చేసుకునేది వేరు, యాభై మందికి పెట్టేది వేరు. హాస్టల్లో మొలకలను ఐదు నిమిషాలు ఆవిరి మీద ఉడికించే పెట్టాలి. కొంత విటమిన్ పోయినా ఫర్వాలేదు, యాభై మందికి వాంతులు పట్టుకుంటే ఎవరు చూసుకుంటారు? పచ్చి ముక్కలను కోయకముందే తాగే నీళ్లతో రెండు మూడుసార్లు రుద్ది కడగాలి. కోసిన తర్వాత కడిగితే సత్తువ పోతుంది. క్యాబేజీ పై ఆకులు రెండు తీసేయాలి. చాకు, చెక్క, కోసేవాళ్ల చేతులు కూడా కడిగినవే అయ్యుండాలి. మాంసం కోసిన చెక్క మీద కీరకాయ కోయకూడదు.

శెనక్కాయ పొడి, పప్పుల పొడి తడి తగలని డబ్బాలో వారం రోజులు బాగుంటాయి. అంతకన్నా ఎక్కువ రోజులైతే శెనక్కాయ పొడికి ముక్క వాసన వస్తుంది. కాల్చిన టమేటా గుజ్జు ఫ్రిజ్‌లో రెండు రోజులు. మజ్జిగ కలిపింది మాత్రం అప్పటికప్పుడే తినేయాలి. మన ఎండాకాలంలో మధ్యాహ్నం కలిపింది సాయంత్రానికి పులిసి నోట్లో పెట్టుకోలేం. పొడి, ముక్కలు, మజ్జిగ మూడింటినీ వేరువేరు గిన్నెల్లో పెట్టి, వడ్డించేటప్పుడే కలపమని వంటాయనకు చెప్పండి. ఉప్పు అప్పుడే, చివర్లో.